రైన్‌బెర్గర్ లాంటి వాళ్ల చర్చి సంగీతం ఎందుకు వినపడకుండా పోయింది? ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తూరు_ఆల్టో:

అందరికీ నమస్తే. చిత్తూరులో మా చర్చి క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్లలో కింది గొంతు) పాడతాను. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే స్వరలిపి) కొంచెం చదవగలను, మిగతా వాళ్లంతా డో, రే, మీ అని అక్షరాల్లో రాసుకునే టోనిక్ సోల్ఫాతోనే. ఏటా క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి మేం పాడేవి దాదాపు అవే: హాండెల్ హల్లెలూయా కోరస్, నాలుగైదు కేరల్స్, ఆ తర్వాత కీబోర్డు రిథమ్ పెట్టుకుని తెలుగు పాటలు. వాటిని తక్కువ చేయడం లేదు, అవన్నీ నాకు ప్రాణం. కానీ ఈమధ్య యూట్యూబ్‌లో ఒకదాని వెనక ఒకటి వస్తుంటే జోసెఫ్ రైన్‌బెర్గర్ అనే ఆయన ‘ఆబెండ్‌లీడ్’ వినబడింది. మూడు నిమిషాలే. ఆరు గొంతులు, వాద్యం ఒక్కటీ లేదు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు చీకటి పడుతోంది, మాతో ఉండిపొమ్మని ప్రభువును బతిమాలే మాటలు. దాని మొదటి రూపం ఆయన పదిహేనేళ్ల వయసులో రాశాడట! అప్పటి నుంచి వేరే పాట పెట్టాలనిపించడం లేదు.

అడగాలనుకున్నది ఏంటంటే, ఇంత బాగా రాసిన మనిషి పేరు ఇన్నేళ్ల క్వయర్ జీవితంలో నాకు ఒక్కసారి కూడా ఎందుకు వినబడలేదు? బాహ్, హాండెల్, మోజార్ట్ అంటారు, అక్కడి నుంచి ఒక్క దూకుతో ఇప్పటి పాటలకి వచ్చేస్తారు. మధ్యలో 19వ శతాబ్దం మొత్తం ఏమైనట్టు? ఇలాంటివి ఇంకేం వినొచ్చు? మంచి రికార్డింగులు ఏవి? మా లాంటి చిన్న క్వయర్ వీటిలో ఏదైనా పాడగలదా? మా దగ్గర ఆడవాళ్లు బాగానే ఉన్నారు, మగ గొంతులు మూడో నాలుగో.

---

అలిపిరి_టెనర్:

మేడం, మీ ప్రశ్న చూడగానే చాలా సంతోషం వేసింది. తిరుపతిలో లూథరన్ కుటుంబం మాది. 1860ల్లో జర్మనీ నుంచి హెర్మాన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు మన వైపు వచ్చారు కాబట్టి జర్మన్ కోరల్స్ (సంఘమంతా కలిసి పాడే కీర్తనలు) తెలుగు మాటలతో చిన్నప్పటి నుంచి పాడుతున్నవాళ్లమే, అయినా సరే మీరు అడిగిన ఆ ఖాళీ మాకూ ఉంది. ఆ దేశం నుంచి కోరల్ వచ్చింది గానీ అదే కాలంలో అక్కడ దాని చుట్టూ అల్లిన పెద్ద సంగీతం మాత్రం రాలేదు.

రైన్‌బెర్గర్ 1839లో లీక్టెన్‌స్టైన్‌లోని వాదుజ్‌లో పుట్టాడు. ఏడేళ్లకే ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. జీవితమంతా మ్యూనిక్‌లో గడిచింది, 1901లో అక్కడే పోయాడు. హుంపర్‌డింక్, ఫుర్ట్‌వెంగ్లర్ లాంటి పేరున్న సంగీతకారులు ఆయన శిష్యులు. బతికి ఉన్నంత కాలం పెద్ద పేరే, పోయాక మాత్రం ఆర్గన్ వాయించే వాళ్లకు తప్ప మిగతా లోకానికి గుర్తు లేడు. ఆయన రాసిన 20 ఆర్గన్ సొనాటాలు వాళ్లు వదల్లేదు మరి.

ఎందుకు మరుగున పడ్డాడంటే నాకు తెలిసినంతలో ఒక్క కారణం కాదు. 1868లో ఫ్రాంజ్ విట్ అనే పాదిరీ సిసీలియన్ సంఘం పెట్టాడు. చర్చిలో ఆపెరా వాసన ఉండకూడదు, 16వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా పద్ధతిలో వాద్యాలు లేకుండా పాడాలి, గ్రెగోరియన్ గానం (అందరూ ఒకే వరుసలో పాడే పాత లాటిన్ చర్చి గానం) ఉండాలి అని వాళ్ల పట్టు. దానికి తోడు 1903లో పదో పియుస్ పోప్ ఉత్తర్వు వచ్చింది, నాటకం ధోరణి వద్దు, చర్చిలో పియానో వద్దు అని. అంటే 19వ శతాబ్దపు వాళ్లు రాసిన ఆర్కెస్ట్రా మాస్‌లకు (కాథలిక్ ప్రధాన ఆరాధన మాటలకు కట్టిన సంగీతానికి) చర్చిలో చోటు తగ్గింది. కచేరీ హాలుకు వెళ్తే అక్కడ ఇది మరీ చర్చి సంగీతం, మాకెందుకు అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అయితే ఆ భావావేశమంతా పాతబడిన సెంటిమెంటు అని కొట్టిపారేశారు. ఆపైన 1960ల్లో కాథలిక్ ఆరాధన స్థానిక భాషల్లోకి మారేసరికి లాటిన్ మాస్‌లకు రోజువారీ పని కూడా లేకుండా పోయింది. ప్రతులు మళ్లీ అచ్చు కాలేదు. ప్రతి లేకపోతే పాడేవాడు లేడు, పాడేవాడు లేకపోతే అడిగేవాడూ లేడు.

ఈ చక్రాన్ని పగలగొట్టింది రికార్డింగులే అని నా గట్టి నమ్మకం. సీడీలు వచ్చాక పెద్ద కంపెనీల దగ్గర ఒకే బీథోవెన్‌కి లెక్కలేనన్ని రికార్డులు పోగయ్యాయి. హైపీరియన్ (1980), సీపీఓ (1986), నాక్సోస్ (1987) లాంటి చిన్న కంపెనీలు ఎవరూ రికార్డు చెయ్యనివి వెతకడం మొదలుపెట్టాయి. స్టుట్‌గార్ట్ దగ్గర కారుస్ అనే ప్రచురణ సంస్థ ఇంకా మంచి పని చేసింది, రైన్‌బెర్గర్ సమగ్ర సంపుటాలు అచ్చు వేస్తూ, దాంతో పాటే రికార్డింగులు కూడా తెచ్చింది. విన్నవాడు ప్రతి కొనుక్కోగలడు, ప్రతి కొన్నవాడు పాడగలడు.

ఇక వినాల్సినవి. రైన్‌బెర్గర్‌తోనే ఉండండి కొన్నాళ్లు. ‘కాంటుస్ మిస్సే’, ఓపస్ (రచన సంఖ్య) 109, రెండు క్వయర్లు ఎదురెదురుగా పాడే మాస్, 1878లో రాశాడు, 13వ లియో పోప్‌కి అంకితం. రెండు గుంపుల మధ్య ఒక మాట ఇటు నుంచి అటు చేతులు మారుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, ముఖ్యంగా ‘పరిశుద్ధుడు’ అని పాడే సాంక్టుస్ భాగం. చార్లెస్ బ్రఫీ నడిపించిన ఫీనిక్స్, కాన్సాస్ సిటీ బృందాల రికార్డింగు శాండోస్ నుంచి ఉంది, దాంతో మొదలుపెట్టండి. క్రిస్మస్‌కైతే ‘బెత్లెహేము నక్షత్రం’ ఓపస్ 164, మాటలు ఆయన భార్య ఫాన్నీ రాసింది. రీటా ష్ట్రైఖ్, ఫిషర్-డీస్‌కావ్ పాడిన పాత రికార్డింగు ఇంకా దొరుకుతుంది.

ఆ తర్వాత హైన్‌రిఖ్ ఫాన్ హెర్ట్‌సోగెన్‌బెర్గ్. బ్రామ్స్ స్నేహితుడు. ఆస్ట్రియాలో కాథలిక్‌గా పుట్టి లూథరన్ ఆరాధన కోసం ఒరటోరియోలు (బైబిల్ కథను క్వయర్, సోలో గాయకులు, వాద్యాలతో చెప్పే రచనలు) రాసినవాడు. ‘క్రీస్తు జననం’ ఓపస్ 90, 1894 నాటిది. ఇది నాకు అన్నిటికంటే ఎందుకు ఇష్టమంటే, ఆయన దీన్ని కచేరీ కోసం రాయలేదు. మధ్యమధ్యలో కోరల్ వచ్చినప్పుడు సంఘం మొత్తం లేచి పాడాలి. పైగా వాద్యాల్లో హార్మోనియం ఉంది! మన హార్మోనియానికి ముందు రూపమే. 1842లో పారిస్‌లో దెబాఁ పేటెంట్ చేయించిన పెట్టె మిషనరీల చేతుల మీదుగా మన చర్చిల్లోకి, భజన మందిరాల్లోకి వచ్చింది కదా, అదే పెట్టెకి అక్కడ ఇలాంటి సంగీతం రాశారని తెలిసినప్పుడు ఆ దూరం అంతా ఒక్కసారిగా తగ్గిపోయినట్టు అనిపించింది నాకు. రొస్సీని ‘పెటీట్ మెస్ సొలెనెల్’ కూడా అంతే, 1864లో మొదటిసారి పాడినప్పుడు రెండు పియానోలు, ఒక హార్మోనియం, 12 మంది గాయకులు చాలన్నాడు. తర్వాత ఆర్కెస్ట్రాకి మార్చాడు గానీ ఆ చిన్న రూపమే వినండి.

---

వీణ_పాఠాలు:

నేను క్వయర్ మనిషిని కాదు, తిరుపతిలో పిల్లలకు వీణ నేర్పుతాను. కానీ ఈ చర్చ చదువుతుంటే ఊరుకోలేకపోయాను, ఎందుకంటే మరుగున పడిన భక్తి సంగీతం రికార్డుల వల్ల మళ్లీ జనంలోకి రావడం అంటే మా ఊరి కథే. తాళ్లపాక వారి రాగిరేకులు తిరుమల గుడిలో సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. 1920ల్లో బయటికి తీశారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు లాంటి పెద్దలు పరిష్కరించారు. రాళ్లపల్లి వారు వందకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. అయినా ఇంటింటికీ చేరింది ఎప్పుడు? 1979, 80 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు దేవస్థానం కోసం పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులు వచ్చాక. అప్పటి దాకా అన్నమయ్య మీద వ్యాసాలు చదివినవాళ్లు ఉన్నారు, విన్నవాళ్లు తక్కువ.

కానీ చిత్తూరు అక్కయ్య ఒక తేడా గమనించాలి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అందుకని ఈరోజు మనం పాడే వరుసలు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ‘నానాటి బదుకు’ రేవతి రాగంలో నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టారు, అది ఎంత గొప్పగా కుదిరిందంటే ఇప్పుడు ఇంకోలా పాడితే జనం ఒప్పుకోరు. రికార్డు మొదట ఎలా వచ్చిందో అదే శాసనం అయిపోయింది. మీ రైన్‌బెర్గర్‌కి ఆ ఇబ్బంది లేదు. ప్రతి స్వరం, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా అన్నీ అచ్చులో ఉన్నాయి. వందేళ్లు ఎవరూ పాడకపోయినా కాగితం మీద నుంచి లేపుకోవచ్చు.

అయితే కాగితం మీద లేనివీ ఉంటాయి. గొంతు బరువు ఎంత, అచ్చుల్ని ఎంత సాగదీయాలి, పంక్తి చివర ఎంతసేపు ఆగాలి. అవి రికార్డు చేసినవాళ్లు నిర్ణయించినవే. మీరు విన్న ఆ ఒక్క ‘ఆబెండ్‌లీడ్’నే అసలైనదిగా మనసులో కట్టేసుకోకండి. రెండు మూడు బృందాలు పాడినవి పక్కపక్కన పెట్టి వినండి. ఒకరు నడక పెంచుతారు, ఒకరు ప్రతి మాట మీద ఆగుతారు. అప్పుడు రైన్‌బెర్గర్ ఎక్కడ అయిపోయాడో, పాడేవాళ్లు ఎక్కడ మొదలయ్యారో తెలుస్తుంది. మా దగ్గర పాఠం చెప్పేటప్పుడు ఒక కీర్తనకి ఒక్క క్యాసెట్టు విని వచ్చిన పిల్లల కంటే, ఇద్దరి పాట విన్న పిల్లలు తొందరగా సొంతంగా పాడతారు.

---

గ్రీమ్స్‌పేట_బేస్:

పై ఇద్దరూ బాగా చెప్పారు. నేను కొంచెం అడ్డం వస్తాను, ఏమీ అనుకోవద్దు. మరుగున పడిందంటే చాలు, అది రత్నమే అయ్యుంటుందని అనుకునే అలవాటు రికార్డులు పోగేసే మా లాంటి వాళ్లకు తొందరగా పట్టుకుంటుంది. సిసీలియన్ సంఘం వాళ్లు ఆమోదించిన రచనల జాబితా వేలల్లో ఉంది. ఎక్కువ భాగం తప్పులేనివి, ప్రాణం లేనివి. పాలెస్ట్రీనాని చూసి రాసిన కాపీలు. వాటిని ఎవరూ తవ్వి తీయలేదంటే నాకు బాధ లేదు. అదే సంఘం నీడలో ఉన్న మనిషి కోసం ఆస్ట్రియా స్వరకర్త బ్రూక్నర్ 1879లో ‘ఓస్ యుస్తీ’ రాశాడు. సెయింట్ ఫ్లోరియన్ క్వయర్ పెద్ద ట్రౌమీలర్ పాత పద్ధతి అభిమాని కదా అని పూర్తిగా లిడియన్ మోడ్ అనే పాత చర్చి స్వరక్రమంలో, ఒక్క షార్ప్ గానీ ఫ్లాట్ గానీ లేకుండా కట్టాడు. నియమం అంతా పాటించాడు, అయినా ప్రతి బారులో బ్రూక్నరే కనిపిస్తాడు. తేడా అక్కడుంది.

నిజంగా అన్యాయం జరిగినవి చెప్పమంటే మొదట హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ ‘వియా క్రూసిస్’ చెబుతాను. 14 సిలువ మార్గపు స్థలాలు, క్వయర్, కొద్దిమంది సోలో గాయకులు, ఆర్గన్ లేదా పియానో. 1879 నాటికి పూర్తయింది. రేగెన్స్‌బుర్గ్ ప్రచురణకర్త పుస్టెట్ వెనక్కి పంపాడు. లిస్ట్ 1886లో చనిపోయాడు, దాన్ని మొదటిసారి పాడింది 1929 గుడ్ ఫ్రైడే నాడు, బుడాపెస్ట్‌లో. పియానో మీద మెరుపులు కురిపించిన మనిషి ఇందులో కొన్ని చోట్ల ఒక్కొక్క స్వరం పెట్టి ఆగిపోతాడు. మధ్యలో లూథరన్ కోరల్ వస్తుంది, లాటిన్ గీతం వస్తుంది, ఏదీ అలంకరణ కోసం రాదు. రైన్‌బెర్ట్ డి లేయువ్ నెదర్లాండ్స్ చేంబర్ క్వయర్‌తో చేసిన రికార్డింగు చాలా మెల్లగా నడుస్తుంది, మొదటిసారి ఓపిక కావాలి. రాత్రి లైటు తీసేసి ఇయర్‌ఫోన్‌లో ఒక్కసారి మొత్తం వినండి, మధ్యలో ఆపకండి. ఫోను స్పీకరులో మాత్రం వినొద్దు, బేస్ లైను వినబడకపోతే ఈ సంగీతంలో సగం లేనట్టే.

రెండోది ఇంగ్లండ్ స్వరకర్త ఎథెల్ స్మిత్ ‘మాస్ ఇన్ డీ’. 1893లో లండన్ ఆల్బర్ట్ హాల్లో పాడారు. మళ్లీ ఎవరైనా ముట్టుకున్నది 1924లో. ఆడమనిషి ఇంత పెద్ద మాస్ రాయడమేంటన్న చూపు దానికి ఒక కారణం అనడంలో నాకు సందేహం లేదు. కండక్టర్ సకారి ఒరామో రికార్డింగు ఉంది, వినండి, అంత బలమైన క్రేదో (విశ్వాస ప్రమాణం పాడే భాగం) 19వ శతాబ్దంలో ఎక్కువ లేవు.

పోయిందనుకున్నది నిజంగా దొరికిన కథ కావాలంటే ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ ‘మెస్ సొలెనెల్’. 1825లో పాడించాడు, తర్వాత తానే కాల్చేశానన్నాడు. 1991లో బెల్జియంలో ఆంట్‌వెర్ప్ చర్చి ఆర్గన్ గదిలో ఒక స్కూల్ టీచరుకు రాతప్రతి దొరికింది. 1993లో కండక్టర్ గార్డినర్ పాడించి రికార్డు చేశాడు. వింటుంటే ఒకచోట ఆయన సింఫనీ ఫాంటాస్టిక్ రాగం వస్తుంది, కాల్చేసే ముందు మంచివి దాచుకున్నాడని అప్పుడు తెలిసింది లోకానికి.

ఇంకొకటి, రష్యా వైపు. రఖ్మానినోవ్ ‘ఆల్ నైట్ విజిల్’ 1915లో మాస్కోలో పాడారు, రెండేళ్లకే విప్లవం. ఆ తర్వాత దేవుడి పాటలకు అక్కడ చోటు లేదు. 1965లో స్వెష్నికోవ్ బృందం రికార్డు చేస్తే దాన్ని విదేశాలకు అమ్మడానికే గానీ దేశంలో అమ్మడానికి వదల్లేదు. రష్యన్ బేస్‌లు అడుగు స్వరాల్లోకి దిగుతుంటే నేను బేస్ పాడేవాణ్ణి కాబట్టి కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. ఇది ఇప్పుడు మరుగున లేదు, రికార్డులే దాన్ని కాపాడాయి కాబట్టి చెబుతున్నా.

---

చిత్తూరు_ఆల్టో:

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. వీణ పాఠాల అక్కయ్య చెప్పినట్టు మూడు బృందాల ‘ఆబెండ్‌లీడ్’ వరుసగా విన్నాను. ఒక బృందం చివరి పేజీలో సొప్రానోలు పైకి వెళ్లేటప్పుడు గొంతు పెంచకుండా తగ్గించారు, అప్పుడు కింద టెనర్లు చేసే పని మొదటిసారి వినబడింది. ‘వియా క్రూసిస్’ కూడా విన్నాను అన్నా. నాలుగో స్థలం, తల్లి ఎదురయ్యే చోట, ఎవరూ పాడరు, వాద్యం ఒక్కటే. దాని గురించి ఇంకా ఏం రాయాలో తెలియడం లేదు.

ఇప్పుడు పాడే సంగతి. ఆరు గొంతులు మా వల్ల కాదు. మగవాళ్లు తక్కువ. ఇంకో టెన్షన్, లాటిన్, జర్మన్ అంటే మా పెద్దలు సంఘానికి అర్థం కానిది ఎందుకమ్మా అంటారు. అది తప్పు మాట కూడా కాదు.

---

అలిపిరి_టెనర్:

మగవాళ్లు తక్కువ అన్నారు కాబట్టి రైన్‌బెర్గర్ ‘మాస్ ఇన్ ఏ’ ఓపస్ 126 చూడండి. ఆడవాళ్లకే, మూడు గొంతులు, ఆర్గన్. మీ కీబోర్డులో ఆర్గన్ సౌండ్ పెట్టుకుంటే చాలు, కానీ రిథమ్ బటన్ ముట్టుకోకండి. అందులో మొదటి భాగం, కీర్యే ఒక్కటే తీసుకోండి. మాటలు మూడే, ‘ప్రభువా కరుణించు’ అని ఎవరికైనా చెప్పేయొచ్చు, పెద్దలు అడ్డు చెప్పరు.

మగవాళ్లనీ కలుపుకోవాలంటే బ్రూక్నర్ ‘లోకుస్ ఇస్తే’, నాలుగు గొంతులు, మూడు నిమిషాలు. లింజ్‌లో కొత్త కెథెడ్రల్‌లో ఒక చాపెల్ ప్రతిష్ఠ కోసం 1869లో రాశాడు. ఈ స్థలాన్ని దేవుడే చేశాడు అన్నది భావం. మీ చర్చి వార్షికోత్సవానికి సరిగ్గా కుదురుతుంది. మధ్యలో ఒక భాగంలో బేస్‌లు పూర్తిగా ఆగిపోతారు, టెనర్ కింది లైను మోస్తుంది, అక్కడ శ్రుతి జారకుండా చూసుకోవాలి. అర్థం సంగతికి మా దగ్గర చేసే పద్ధతి చెబుతాను. పాట ముందు ఆ వాక్యాన్ని ఒకరు తెలుగు బైబిల్లోంచి నిదానంగా చదువుతారు, ఆ వెంటనే పాట. యాకోబు నిద్ర లేచి ఈ స్థలము ఎంత భయంకరము అనే ఆదికాండం భాగం చదివితే సరిపోతుంది. సంఘం వాళ్లు ఆ తర్వాత జర్మనా లాటినా అని అడగరు, వింటారు.

ప్రతులు ఉచితంగానే దొరుకుతాయి. కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ 1998 నుంచి ఉంది, వీళ్లందరూ పోయి చాలా కాలమైంది కాబట్టి కాపీరైట్ గొడవ లేదు. ఒక్కో గొంతుకి విడిగా ప్రాక్టీస్ ఆడియో కూడా కొన్నిటికి ఉంటుంది. రికార్డింగుతో పాటు పాడి నేర్పొద్దు, అది వినడానికి. నేర్పేటప్పుడు సోల్ఫా తోనే.

---

గ్రీమ్స్‌పేట_బేస్:

అమ్మా, నేను కూడా చిత్తూరులోనే ఉంటాను. ‘లోకుస్ ఇస్తే’ బేస్ లైను నాకు వచ్చు, ఇంకో బేస్‌ని వేలూరు నుంచి పిలిపించగలను, బస్సులో గంట. మీ పాస్టర్ గారిని అడిగి శనివారం ప్రాక్టీస్‌కి రమ్మంటే వస్తాం. కీర్యే విషయంలో ఒక మాట: మొదటి వారం వేగం గురించి ఆలోచించకండి, ‘ఎలేయిసొన్’ (కరుణించు) అనే మాటలో చివరి నకారం అందరూ ఒకేసారి మూసేలా చూసుకోండి. మన క్వయర్లలో అది ఎప్పుడూ నలుగురు నాలుగు సార్లు మూస్తారు.

---

చిత్తూరు_ఆల్టో:

తప్పకుండా రండి అన్నా, పాస్టర్ గారిని అడిగాను, సరే అన్నారు. కీర్యే మొదటి రెండు పేజీలు సోల్ఫాలోకి రాయడం మొదలుపెట్టాను. రెండో సొప్రానో లైనులో ఒకచోట శ్రుతి మారుతోంది, అక్కడ ‘డో’ ఎక్కడికి జరపాలో తేలడం లేదు. టెనర్ గారూ, ఫొటో తీసి పెడతాను, కొంచెం చూసి చెప్పండి.